ఆకుపచ్చగా వెలిగిన బిళ్ళ

1వ రోజు

బడిలో పనిచేసే ప్రతి మనిషీ రోజూ కంటికి కనబడ్డది రాసిపెట్టాలని పెద్దసారు రాజమణి గారి హుకుం. పంతుళ్ళే కాదు, వంటామె, ఊడ్చేవాళ్ళు, నేను, అందరం. ఓదెలుకు రాయడం వచ్చా అని ఇద్దరు ముగ్గురు నవ్వారు. వచ్చు. మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత రాయాల్సిన అవసరం పడలేదు, అంతే.

పేరు దాసరి ఓదెలు. వయసు డెబ్బై ఒకటి. పని కప్పు కొట్టడం. పిల్లలు రాకముందే ప్రతి గదిలోకీ పోయి, పొడుగు కట్టెతో నెత్తిమీది రాయిని తడతాను. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే లోపల పగులుంది. అప్పుడా గదికి తాళం వేసి, కప్పుకు కర్ర దిమ్మెలు ఆనించి, నా చెవికి నచ్చేదాకా లోపలికి ఎవ్వర్నీ పోనివ్వను, పెద్దసారునైనా సరే. ఇరవై ఆరేళ్ళలో నా కప్పు నుంచి పెంకంత రాయి ఏ పిల్ల నెత్తిమీదా పడలేదు. ఈ మాట ఇంకెవరైనా చెప్పగలిగితే చెప్పమనండి.

బొగ్గు అయిపోయిన ఈ బాయిలోకి మేము కాపురాలు దించి ముప్పై ఏళ్ళు, దీన్నే కిందూరు అంటాం. పైన ఎండలో మనిషి గంటసేపు నిలవలేడు. వానను కళ్ళజూడని పిల్లలకు వాన పేర్లు పెట్టుకున్నాం. బడిలో ఏ గదిలోకి తొంగిచూసినా ఒక చినుకు, ఒక జల్లు, ఒక తొలకరి ఉంటారు.

బడి మొగదల బిళ్ళల బోర్డు ఉంది. నాలుగు వందల పన్నెండు మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో పిల్ల పేరు. పొద్దున రాగానే పిల్లలు తమ ఇత్తడి బిళ్ళ తగిలిస్తారు, ఇంటికి పోయేటప్పుడు తీసుకుపోతారు. సాయంత్రం ఒక్క బిళ్ళ బోర్డు మీద మిగిలినా, ఆ పిల్ల దొరికేదాకా పంతుళ్ళూ పనోళ్ళూ ఎవ్వరూ ఇంటికి పోకూడదు. మా బొగ్గు రోజుల నుంచి వచ్చిన కట్టుబాటు ఇది. ఇప్పుడు బిళ్ళలో చిన్న దీపం కూడా పెట్టారు. పిల్ల మణికట్టు పట్టీ నుంచి నాడి అందుకుని వెలుగుతుంది. మనసు నిమ్మళంగా ఉంటే ఆకుపచ్చ, కుదురు లేకపోతే పసుపు, మరీ కష్టంలో ఉంటే ఎరుపు.

ఈ రోజు ఆ బోర్డు మీద ఒక మేకు పీకేశాను. పదో తరగతి చినుకుది. సెలవుల్లో ఆ పిల్లగాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. బడి తెరవగానే మేకు తీసెయ్యమని, వాడి పేరు ఎవరూ ఎత్తొద్దని పెద్దసారు చెప్పాడు. నాకూ సబబే అనిపించింది.

3వ రోజు

పిల్లలతో మాట్లాడే కొలువులో ఉన్న నస్రీన్ టీచర్ అందరినీ వంటగదిలో కూర్చోబెట్టింది. పెద్దసారు, పంతుళ్ళు, వంట లచ్చక్క, నేను. ఈమె వచ్చి ఏడాది. సన్నగా ఉంటుంది, గొంతు లేవదు. ఇంత చిన్న గొంతుతో నాలుగు వందల మందిని ఎట్లా నడిపిస్తుందా అనుకునేవాణ్ణి.

పిల్లలు నన్నొకటే అడుగుతున్నారు, చినుకు మేకు ఏమైందని, అంది. జ్వరంతో పోయిన పిల్ల మేకు మనం నలభై రోజులు ఉంచుతాం, నలభయ్యో రోజు బిళ్ళను తల్లి చేతిలో పెడతాం. వీడిది మొదటి రోజే పీకేస్తే పిల్లలకు ఏం అర్థం కావాలి అని అడిగింది. జ్వరానికి ఏ పద్ధతో దీనికీ అదే పద్ధతి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు అంది. ప్రతి గదికీ తానే పోయి చెబుతానంది. ఎట్లా చనిపోయాడన్నది చెప్పదట. చనిపోయాడని, అది ఎవరి తప్పూ కాదని, ఎవరికైనా మనసులో అట్లాంటి ఆలోచన వస్తే చెప్పుకోవడానికి మనుషులున్నారని, అట్లా చెప్పుకుని బయటపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారని చెబుతుందట. మనలో ఎవరికి ఏ పిల్ల మీద అనుమానం వచ్చినా పక్కకు తీసుకుపోయి సూటిగా అడగాలట, చచ్చిపోవాలనిపిస్తున్నదా అని.

నేను లేచాను. లేని ఆలోచన మనమే నెత్తిలో పెట్టినట్టు కాదా, అడక్కపోతే వాళ్ళే మరిచిపోతారు అన్నాను. పంతుళ్ళలో సగం మంది తలలూపారు.

నస్రీన్ టీచర్ నా కట్టె వైపు చూసింది.

"ఓదెలన్నా, నువ్వు కట్టెతో కొడితె కప్పు కూలుతదా?"

"కట్టెతోని ఎట్ల కూలుతది టీచరమ్మా. కూలేదుంటె ముందుగాల తెలుస్తది."

"మరి పిల్లల కాడ ఎందుకు భయపడ్తున్నవ్?"

లచ్చక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు కోపం వచ్చి బయటికి వచ్చేశాను. సాయంత్రం మేకు మళ్ళీ కొట్టాను. టీచర్ మాటకు కాదు. కట్టుబాటు కట్టుబాటే కాబట్టి.

6వ రోజు

తొమ్మిదో తరగతికి గాలి పొదుపు పాఠం, ఏటా చెప్పేదే. కిందూరిలో ఇది నేర్వని పిల్ల ఉండదు. ఎక్కడైనా కప్పు కూలి దారి మూసుకుంటే, ఉన్న గాలితోనే బయటివాళ్ళు వచ్చేదాకా బతకాలి. నాలుగు లెక్కబెట్టేదాకా పీల్చాలి, నాలుగు లెక్కబెట్టేదాకా ఆపాలి, ఎనిమిది లెక్కబెట్టేదాకా వదలాలి. భుజం కదలకూడదు. కడుపు మాత్రమే ఆడాలి. ఈ పాఠం చెప్పడంలో నన్ను మించినవాడు లేడు.

గదిలో అందరికంటే బాగా చేసింది తొలకరి. పంపు పాళీలో, అంటే పంపుల దగ్గర వంతు డ్యూటీలో, పనిచేసే ఎల్లవ్వ బిడ్డ. చినుకు ఇంటి పక్కిల్లు, ఇద్దరూ ఒకే బండిలో బడికి వచ్చేవాళ్ళు. పిల్లగాడు పోయినప్పుడు అందరమూ మొదట భయపడ్డది ఈమె గురించే. కానీ బడి తెరిచినప్పటి నుంచి ఈమె బిళ్ళ ఒక్కసారి కూడా పసుపుకు తిరగలేదు. గట్టి పిల్ల అనుకున్నాం. ఆమెను ముందు నిలబెట్టి, నేర్చుకుంటే ఇట్లా నేర్చుకోవాలి అని మిగతావాళ్ళకు చూపించాను. నవ్వింది.

నస్రీన్ టీచర్ తిరుగుడు చూస్తున్నాను. ఏ బిళ్ళ పసుపైనా ఆ పిల్ల పక్కన కాసేపట్లో ఈమె ఉంటుంది. పిలిపించుకోదు, తానే పోతుంది. కూరగాయలు తరుగుతూనో, బండి ఎక్కుతూనో మాట్లాడుతుంది. మా కాలంలో కూలీల భద్రత చూసే సర్దారు గనిలో అట్లా తిరిగేవాడు. ఎక్కడ చూసినా ఉండేవాడు, ఎవరి మీదా నిఘా వేసినట్టుండేది కాదు. ఆడమనిషిలో సర్దారును చూస్తానని నేను అనుకోలేదు.

9వ రోజు

లచ్చక్క ఒక మాట తెచ్చింది. పక్క సొరంగంలో ఒక్కో పిల్లకు ఒక్కో పుట్టగొడుగుల పెట్టె ఉంటుంది. తొలకరి పెట్టె బడికంతా తలమానికం. మూడేళ్ళుగా సాకుతున్నది, ఎవర్నీ తాకనివ్వదు. దాన్ని నిన్న ఏడో తరగతి పిల్లకు ఇచ్చేసిందట. ఎందుకే అంటే, ఇక నాకెందుకులే అన్నదట. ఇంకొకటి, ఈ ఉక్కలో నిండు చేతుల చొక్కా వేసుకుని తిరుగుతున్నదట. అన్నం కెలికి వదిలేస్తున్నదట.

నేను తేలిగ్గా తీసేశాను. పెద్దదవుతున్నది, ఇచ్చే గుణం వచ్చింది, మంచిదేగా అన్నాను. లచ్చక్క నా మాట పట్టించుకోలేదు. గరిటె పక్కన పెట్టి నేరుగా టీచర్ దగ్గరికి పోయింది. బడిలో లచ్చక్కకు సంతకం కూడా రాదు. ఈ రోజు నాకున్న మూడో తరగతి చదువు ఎందుకూ పనికిరాలేదు.

టీచర్ వెంటనే తొలకరితో మాట్లాడింది. అంతా బాగుంది టీచర్, చదువుకు టైం చాలక పెట్టె ఇచ్చేశాను అని చెప్పిందట. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని సూటిగానే అడిగితే, లేదని నవ్విందట. బిళ్ళ ఆకుపచ్చ. చేతులు చూపమంటే చలిగా ఉందన్నదట. ఇంటికి కబురు పెడితే, తల్లి వరస పాళీల్లో ఉంది, ఎల్లుండి వస్తానన్నది. పెద్దసారు దీపమే బాగున్నప్పుడు పిల్లను గుచ్చి గుచ్చి అడగడం దేనికి అన్నాడు.

నస్రీన్ టీచర్ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎందుకు వచ్చిందో తెలియదు. నేను మంచివాణ్ణని కాదు, వినేవాణ్ణని కావచ్చు.

"మాట మంచిగుంది. దీపం మంచిగుంది. నాకే మంచిగ లేదన్నా," అంది. "మీరందరు ఓ కన్నేసి ఉంచుండ్రి. నాకు చెప్పంది మీకు చెప్పొచ్చు. పిల్ల ఎవర్ని ఏరుకుంటదో మనకు తెల్వది."

11వ రోజు

రాత్రి చాలా పొద్దుపోయింది. అయినా ఇది రాస్తాను.

మధ్యాహ్నం పిల్లలు తింటుంటే భోజనాల సొరంగంలో దిమ్మె సరిచేస్తున్నాను. తొలకరి చివరి బల్ల మీద ఒక్కతే కూర్చుంది. ముందర అన్నం. కన్నేసి ఉంచమన్నది కదా అని చూశాను.

భుజాలు కదలడం లేదు.

మొదట అర్థం కాలేదు. తర్వాత పొట్ట చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వదలడం మొదలైంది. ఎనిమిది. మళ్ళీ నాలుగు. మళ్ళీ ఆగింది. నా లెక్క. నేను నేర్పిన లెక్క. గదిలో పాఠం లేదు, కప్పు కూలలేదు, గాలికి కరువు లేదు. పక్క బల్లల మీద పిల్లలు చట్నీ కోసం కొట్లాడుకుంటున్నారు. ఈ పిల్ల మాత్రం గాలి పొదుపు చేస్తూ కూర్చుంది.

ఆ లెక్క పట్టితే నాడి నెమ్మదిస్తుంది. నాడి నెమ్మదిస్తే దీపం ఆకుపచ్చ. పదకొండు రోజులుగా నిద్రలేచింది మొదలు ఈ పిల్ల అట్లాగే ఊపిరి తీసుకుంటున్నదని నాకు అప్పుడు తెలిసింది. మేమంతా దీపాన్ని చూసి గట్టి పిల్ల అనుకున్నాం. తన మీద కప్పు కూలిన మనిషే అట్లా ఊపిరి తీసుకుంటాడు. ఆ సంగతి ఈ బడిలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిసిన నేనే ఆమెను ముందు నిలబెట్టి మెచ్చుకున్నాను.

కట్టె తీసుకుని పోయి పక్కన కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ళు కప్పు కొట్టినవాణ్ణి, ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. అడిగితే కూలుతుందేమోనన్న భయం. కట్టెతో ఎట్లా కూలుతదని అన్నది నేనే కదా.

"బిడ్డా. ఎన్ని రోజులాయె గాలి పొదుపు జేయవట్టి?"

ఆమె నా వైపు చూడలేదు. లెక్క తప్పింది. భుజం ఒక్కసారి ఎగిసింది.

"సక్కగ అడుగుతున్న. సచ్చిపోవాలనిపిస్తున్నదా?"

కప్పు కొట్టినాక ఆగాలి, వినాలి. మళ్ళీ మళ్ళీ కొట్టేవాడికి ఏదీ వినబడదు.

"అవును తాతా," అంది.

నాకు చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. నీకేం తక్కువ అని. మీ అమ్మ ఏమైపోతుంది అని. దేవుడిచ్చిన ప్రాణం అని. అన్నీ మింగాను. అవి ఆమె కోసం వచ్చిన మాటలు కావు, నా భయం కోసం వచ్చినవి. చెప్పు, వింటాను అన్నాను.

చెప్పింది. అన్నీ రాయను, అవి ఆమెవి. సెలవుల్లో చినుకు ఒక రోజు ఆమెతో మాట్లాడాలని వస్తే, పరీక్షలకు చదువుకోవాలి రేపు రా అన్నదట. రేపు రాలేదు. ఆ రోజు నుంచి తానే చంపానన్న మాట లోపల తిరుగుతున్నదట. ఎవరికైనా చెబుదామంటే అందరూ తనను గట్టి పిల్ల అంటున్నారట. దీపం ఎర్రబడితే అమ్మ పాళీ మానుకుని వస్తుంది, పెద్దసారు కోప్పడతాడు, బడికి చెడ్డపేరు. అందుకని లెక్కపెట్టడం మొదలుపెట్టిందట.

"ఎవ్వల్కి చెప్పద్దు తాతా. నీకే చెప్పిన."

"చెప్త," అన్నాను. "అబద్ధమాడను. కప్పు డొల్లగ పల్కితె నేను నోరు మూస్కోను. నస్రీన్ టీచర్‌కు చెప్త, ఇప్పుడే. నువ్వు పక్కన ఉండంగనె చెప్త. నీ ఎన్క చెప్ప."

కట్టె ఒక కొస ఆమెకు ఇచ్చాను, ఒక కొస నేను పట్టుకున్నాను. చెయ్యి పట్టుకుంటే ఈడ్చుకుపోయినట్టు ఉంటుందని అట్లా చేశాను. బోర్డు ముందు నుంచే దారి. నడుస్తుంటే ఆమె ఏడుపు మొదలుపెట్టింది, లెక్క వదిలేసింది. తలెత్తి చూశాను. ఆమె బిళ్ళ పసుపుకు తిరిగింది, ఇంకో నాలుగు అడుగులకు ఎర్రగా వెలిగింది.

ఎర్ర దీపం చూసి ప్రాణం లేచొచ్చింది నాకు అదే మొదటిసారి.

12వ రోజు

నస్రీన్ టీచర్ పని చేస్తుంటే చూశాను. డెబ్బై ఒక్క ఏళ్ళలో చాలా పనిమంతులను చూశాను. కూలుతున్న కప్పు కింద దిమ్మె ఆనించి పదిమందిని బయటికి పంపి, ఆఖరున తాను వచ్చిన సర్దారును చూశాను. ఈమె ఆ వరసలో మనిషి.

నిన్న మేము గదిలోకి పోగానే చేతిలో పని వదిలేసింది. హడావిడి లేదు, అయ్యో అనలేదు. చెప్పినందుకు తొలకరిని మెచ్చుకుంది, కష్టమైన పని చేశావు అంది. బడి నర్సు వచ్చి చొక్కా చేతులు మెల్లగా పైకి మడిచి, గాయాలకు మందు రాసింది. ఎందుకు చేసుకున్నావని గద్దించలేదు. ఎల్లవ్వ వచ్చేదాకా పిల్ల ఒక్క నిమిషం కూడా ఒంటరిగా లేదు. లచ్చక్క గంజి పట్టుకొచ్చి పక్కనే కూర్చుంది.

ఎల్లవ్వ పంపు నూనె చేతులతోనే వచ్చింది. మేము ఏం తక్కువ చేశామని బిడ్డ వైపు తిరిగింది. టీచర్ మధ్యలోకి వచ్చింది.

"తక్కువ చేసుడు కాదు ఎల్లవ్వా. పిల్ల బరువు మోస్తున్నది. ఒక్కతే మోసింది ఇన్నొద్దులు. ఇప్పుడు మనం తలా ఒక చెయ్యేద్దం."

ఎల్లవ్వ కూలబడి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. నేను బయటికి వచ్చాను. నాకు కంట్లో బొగ్గు పడింది.

తర్వాత డాక్టరును పిలిపించారు. టీచరూ తొలకరీ కలిసి ఒక కాగితం రాశారు. ఆలోచన ముసురుకుంటున్నప్పుడు ముందుగా ఏ గుర్తులు కనబడతాయి, అప్పుడు తాను ఏం చేయగలదు, ఎవరి దగ్గరికి పోవాలి, వాళ్ళు లేకపోతే ఇంకెవరు, డాక్టరు నంబరు ఏది. ఇంట్లో మందులు, ప్రమాదమైనవి ఏమున్నా తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకోమని ఎల్లవ్వకు చెప్పింది. ఆ కాగితంలో మనుషుల పేర్లు ఐదు ఉన్నాయి. మూడోది నాది. పిల్ల తానే చెప్పి రాయించిందట.

పెద్దసారు ఒక మాట అన్నాడు. పరీక్షలయ్యేదాకా పిల్లను ఇంట్లోనే ఉంచితే బడికి మంచిదేమో అని. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. నస్రీన్ టీచర్ గొంతు అప్పుడు కూడా లేవలేదు. డాక్టరు పొమ్మన్న రోజు వస్తుంది సార్, మొదట రోజుకు రెండు గంటలు, తర్వాత పెంచుదాం, పరీక్ష ఎప్పుడు రాస్తే అప్పుడే పరీక్ష, ఆమె మేకు మాత్రం బోర్డు మీద నుంచి కదలదు, అంది. పెద్దసారు సరే అన్నాడు. చినుకు మేకు నేనే పీకించాను టీచర్, అన్నాడు ఆఖరున. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

14వ రోజు

నస్రీన్ టీచర్ గది గదికీ పోయి ఒక్క ప్రశ్న అడిగింది. తొలకరి పేరు ఎత్తలేదు. దీపం ఆకుపచ్చగా ఉంచడానికి గాలి పొదుపు చేసేవాళ్ళు ఎంతమంది, పేరు లేకుండా చీటీ మీద గీత పెట్టండి అంది. ముప్పై ఒక్క గీతలు వచ్చాయి.

ఆ చీటీలు తెచ్చి ఆమె నా ముందు పెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

గాలి పొదుపు పాఠంలో రెండు సగాలు ఉన్నాయి. ఊపిరి పొదుపు సగం. రెండో సగం తట్టడం. ఊపిరి ఆదా చేస్తూ రాయి మీద మూడు దెబ్బలు కొట్టాలి, ఆగాలి, మళ్ళీ మూడు కొట్టాలి. బయటివాళ్ళకు వినబడాలి కదా. ఊపిరి దాచుకునేదే వాళ్ళు వచ్చేదాకా తట్టడానికి. నేను పిల్లలకు మొదటి సగం మాత్రమే నేర్పాను. నాలుగు వందల మంది రాళ్ళు కొడితే నా చెవి పాడవుతుంది, కప్పు వినబడదు అని చెప్పుకున్నాను. అందరూ నమ్మారు.

అసలు సంగతి అది కాదు. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు కప్పు కూలింది. ఒకటిన్నర రోజు లోపల ఉన్నాను. గోడ అవతల నా జోడీ పోశాలు ఉన్నాడు. ఇద్దరం తట్టుకుంటూ ఉన్నాం. నేను మూడు, వాడు మూడు. కొంతసేపటికి వాడి దెబ్బలు ఆగిపోయాయి. నేను తడుతూనే ఉన్నాను, నా దెబ్బలు విని నన్ను తీశారు. ఆ చప్పుడు మళ్ళీ వినలేక పాఠంలోంచి తీసేశాను.

నస్రీన్ టీచర్ అంతా విన్నది. నన్ను కూడా అడిగింది, పిల్లలను అడిగినట్టే సూటిగా. లేదు టీచరమ్మా, నాకు అట్లాంటి ఆలోచన లేదు, కానీ నలభై ఏడేళ్ళుగా ఆ గోడ పక్కనే కూర్చున్నాను అన్నాను. అయితే వారానికి ఒకసారి నా దగ్గరికి వచ్చి చాయ్ తాగన్నా, కప్పును నువ్వు తట్టి చూసినట్టు నిన్ను నేను తట్టి చూస్తాను, అంది. పోతాను. సిగ్గేం లేదు.

15వ రోజు

పిల్లలందరినీ పెద్ద సొరంగంలో కూర్చోబెట్టమని నేనే అడిగాను. నాలుగు వందల మంది ముందు నిలబడి తప్పు ఒప్పుకోవడం నా ఒంటికి పడే పని కాదు. అయినా చేశాను.

"నేను మీకు సగం పాఠమే చెప్పిన," అన్నాను. "తప్పు నాది. ఊపిరి బిగబట్టుకోని కూసుంటె ఎవ్వల్కి ఇనవడది. ఇగ ఇప్పటిసంది రెండో సగం."

నేల మీద కట్టెతో మూడు దెబ్బలు కొట్టాను. ఇది కప్పు కూలినప్పుడే కాదు, లోపల కూలినప్పుడు కూడా అన్నాను. మాట రాకపోతే ఫర్వాలేదు. గోడ కొట్టండి, బల్ల కొట్టండి. మూడు దెబ్బలు వింటే ఎవరైనా సరే, పంతులైనా పనోడైనా, చేతిలో పని వదిలి రావాలి. ఎందుకు కొట్టావని తిట్టేవాడు నా కట్టెతో మాట్లాడాల్సి ఉంటుంది. పక్కపిల్ల మీకు రహస్యం చెబితే, ఆ ఒక్క రహస్యం దాచకండి, మీరే తీసుకొచ్చి తట్టండి.

చినుకు దోస్తులు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళవైపు చూసి, ఇది తెలిసి ఉంటే ఆపేవాళ్ళమన్న మాట మీలో ఎవరికైనా తిరుగుతుంటే అది మీ తప్పు కాదు, నేర్పాల్సింది పెద్దవాళ్ళం మేము, అన్నాను. ఈ మాట టీచర్ నేర్పింది. కానీ అనేటప్పుడు నాదే అయ్యింది.

తర్వాత పిల్లలు ఒక్కసారిగా తట్టారు. సొరంగమంతా మోగింది. నా చెవులు ఏం కాలేదు. గోడ అవతల నుంచి పోశాలు బదులిచ్చినట్టుంది.

27వ రోజు

తొలకరి వచ్చింది. రెండు గంటలకే. డాక్టరు వారానికి రెండుసార్లు చూస్తున్నాడు. మొహం ఇంకా పాలిపోయి ఉంది. బిళ్ళ తానే తగిలించింది. పసుపుగా వెలిగింది. పసుపుగానే ఉంచింది, లెక్కపెట్టలేదు. నాలుగు వందల మంది చూస్తుండగా పసుపు దీపంతో లోపలికి నడవడానికి ఎంత గుండె కావాలో బాయిలో పనిచేసినవాడికి తెలుస్తుంది. గట్టి పిల్ల అని ఇదివరకు తప్పుడు కారణానికి అన్నాను. ఈ రోజు సరైన కారణానికి అంటున్నాను.

ఏడో తరగతి పిల్ల పుట్టగొడుగుల పెట్టె పట్టుకొచ్చి ముందర పెట్టింది. అక్కా, నీ పెట్టె నా మాట వింటలేదు, సగం నువ్వు చూసుకో అంది. అది టీచర్ చెప్పించిందో, పిల్లకే పుట్టిందో నేను అడగలేదు.

40వ రోజు

చినుకు మేకు ఈ పొద్దున తీశాను. పద్ధతి ప్రకారం, సెలవులకు ముందు బడిలో అప్పగించిన అతని బిళ్ళను తల్లి చేతిలో పెట్టాం. పెద్దసారు తలపాగా తీసి నిలబడ్డాడు. ఏ పిల్లకు ఎట్లా చేస్తామో అట్లాగే చేశాం. తల్లి ఆ బిళ్ళను కళ్ళకద్దుకుని, నా కొడుకు పేరు బడిలో విన్నందుకు మీకు దండం అంది. దండం పెట్టాల్సింది మేము.

మధ్యాహ్నం నుంచి బోర్డు కింద కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ పాతిక రోజుల్లో మూడు దెబ్బలు తొమ్మిది సార్లు విన్నాం. రెండు సార్లు పిల్లలు ఆటకు కొట్టారు. రెండు సార్లూ పోయాం, తిట్టలేదు. మిగతా ఏడూ నిజం. ఏడుగురూ ఈ రోజు బోర్డు మీద ఉన్నారు. ఇట్లాంటి లెక్క రాయడానికైతే మూడో తరగతి చదువు చాలు.

పెద్దసారు ఇప్పుడు పంతుళ్ళను కూడా వంటగదిలో కూర్చోబెట్టి, తట్టడం ఎట్లా, వినడం ఎట్లా అని నస్రీన్ టీచర్‌తో నేర్పిస్తున్నాడు. లచ్చక్క పక్కన నిలబడి తప్పులు దిద్దుతున్నది. బిళ్ళల్లో దీపాలు అట్లాగే ఉన్నాయి. ఉండనివ్వండి. కాకపోతే ఇప్పుడెవరూ దీపాన్ని చూసి పిల్లను చూడటం మానేయడం లేదు.

ఇప్పుడే వినబడింది. పుట్టగొడుగుల సొరంగం నుంచి. మూడు. ఆగింది. మళ్ళీ మూడు.

తలెత్తి చూశాను. తొలకరి బిళ్ళ ఆకుపచ్చగానే ఉంది. ఆ సొరంగంలో ఇప్పుడు ఉన్నది ఆమె ఒక్కతే. ఈ రోజు ఆమెకు బరువైన రోజు, నాకు ముందే తెలిసి ఉండాల్సింది. దీపం ఏమీ చెప్పలేదు. ఆమె చెయ్యి చెప్పింది.

నేను నేల మీద మూడు దెబ్బలు కొట్టి బదులిచ్చాను. మోకాళ్ళు నొప్పి, లేవడానికి కట్టె కావాలి.

వస్తున్న బిడ్డా.